ఫ్లోట్ మీద కాలు పెట్టి ఆగొద్దు

ఆ సమ్మర్‌లో ప్రతి వీకెండ్ నేనుండే షామ్‌బర్గ్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ ఒక లేక్‌కి వెళ్ళేదాన్ని. అక్కడ ఒక రిటైర్డ్ పైలట్ దగ్గర ప్రపంచ యుద్ధాల నాటి నేవీ విమానం ఉంది. చక్రాలుండవు, కింద పడవల్లాంటి రెండు ఫ్లోట్లు. ఒడ్డు నుంచి నీళ్ళలోకి కట్టిన చెక్క డాక్ మీద నిలబడి దాని తాడు పట్టుకోవడం నా డ్యూటీ. మొదట్లో రీల్స్ కోసమే వెళ్ళా. తర్వాత ఆ పనే నచ్చేసింది.

నాన్న హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు, పైలట్ ఆయన్ని ఒక రౌండ్ తిప్పుతానన్నాడు. ఫోన్ జేబులో తోసేసి తాడు అందుకున్నా. ఆ రోజు గాలి కుదురుగా లేదు. నీళ్ళ మీద విమానానికి బ్రేకులుండవు, గాలి ఎటు తోస్తే అటే.

"ఒక కాలు ఫ్లోట్ మీద పెట్టాక ఆగొద్దు నాన్నా. రెండోది వెంటనే పెట్టెయ్. ఫ్లోట్ నుంచి పైకున్న ఈ రాడ్ అస్సలు వదలకు."

"రన్నింగ్‌లో సిటీ బస్సులెక్కినోణ్ణి, నాకు చెప్తున్నావా?"

కుడికాలు పెట్టాడు. పెట్టి ఆగాడు. రాడ్ వదిలేసి, వంగి, ఫ్లోట్‌ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. పుస్తకానికి కాలు తగిలితే చేస్తాం కదా, అలా.

అప్పుడే గాలి కొట్టింది. తోక తిరిగింది, ఫ్లోట్ పక్కకి జరిగింది. ఒక కాలు డాక్ మీద, ఒక కాలు విమానం మీద, మధ్యలో నీళ్ళు. లైఫ్ వెస్ట్ వేశా, మునగడు. కానీ పడ్డాక ఆ ఫ్లోట్ వెనక్కొచ్చి ఆయన్ని డాక్‌కేసి నొక్కేస్తే? తాడు జారుతుంటే అరచేతులు మండిపోతున్నాయి.

"దండాలు తర్వాత! రాడ్ పట్టుకో!"

"పట్టుకుంటున్నానే, అరవకు!"

"బుద్ధుందా నీకు? చెప్పానా లేదా?"

డాక్ మీద చూడ్డానికొచ్చిన అందరి ముందే అరిచేశా. కూలబడి, ఒంటి బరువంతా వేసి తాడు లాగాను. రెక్క మీదున్న పైలట్ వంగి ఆయన వెస్ట్ పట్టుకున్నాడు. రెండో కాలు ఎలాగో ఫ్లోట్ మీదకొచ్చింది.

నాన్న రాడ్‌ని కావలించుకున్నాడు. దింపేద్దామా అని పైలట్ నన్ను అడిగాడు. అదే నాన్నని అడిగా.

"ఇంతమందిలో ఇన్ని తిట్లు తిని, ఎక్కకుండా దిగిపోవాలా? పోనిమ్మను."

వద్దు, దిగు అనబోయా. ఆయన అప్పటికే పైకెక్కుతున్నాడు. ఎక్కడా ఆగలేదు. ఒక చెయ్యి బిగించాకే రెండోది తీశాడు. వెనక సీట్లో కూర్చున్నాడు, బెల్టు పడింది.

అది చూశాకే తాడు వదిలా.