వియ్యాలవారి కంట పడని దారి

నలభై ఆరేళ్ళ వయసులో నేను స్కూటీ అమ్మేసి సైకిలు కొన్నాను. మా నందిగామలో దాన్ని ఎవరూ సైకిలు కొనడంగా చూడలేదు, స్కూటీ పోవడంగానే చూశారు. ఫైనాన్సు వాళ్ళు బండి పట్టుకుపోయారని మా వీధిలో ఒకరన్నారు. మా ఆయన వ్యాపారంలో చేతులు కాల్చుకున్నాడని ఇంకొకరన్నారు. సహకార సంఘంలో గుమస్తాగా చేసే మా ఆయన జీవితంలో చేసిన పెద్ద వ్యాపారం పాత పేపర్లు అమ్మడం. ఎదురింటావిడ మాత్రం మర్యాదగా నన్నే అడిగింది.

"ఏమన్నా మొక్కుందాండీ? పెనుగంచిప్రోలు అమ్మవారికా?"

"మొక్కేం లేదండీ. ఊరికే తొక్కుతున్నా."

"ఊరికే ఎవరన్నా తొక్కుతారాండీ," అంటూ ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చావింటికి వచ్చినవాళ్ళు పట్టుకునేట్టు పట్టుకుంది.

చివరికి మోకాళ్ళకి మంచిదని డాక్టరు చెప్పాడని ఒక అబద్ధం ఆడాను. ఆ రోజు నుంచి వీధి నెమ్మదించింది. డబ్బు పోయిన మనిషి కంటే జబ్బు మనిషికి మా దగ్గర గౌరవం ఎక్కువ.

నిజానికి జరిగింది చాలా చిన్న సంగతి. నేను సోషల్ చెప్పే హైస్కూలు జగ్గయ్యపేట వైపు, హైవే పక్కన ఒక ఊళ్ళో ఉంది. ఒకరోజు స్కూటీ పంక్చరైతే పదో తరగతి పిల్ల సైకిలు అడిగి తీసుకుని బ్యాంకు దాకా వెళ్ళొచ్చాను. కాలేజీ రోజుల తర్వాత సైకిలెక్కడం మళ్ళీ అప్పుడే. తిరిగొచ్చేసరికి నా మొహం ఎర్రగా ఉందని, జ్వరమేమో చూసుకోమని తెలుగు మేడం అంది. అది సంతోషమని నాకు కూడా సాయంత్రానికి గానీ తెలియలేదు. నెల తిరక్కుండా సైకిలు కొన్నాను.

హైవే మీద సైకిలుకి తెల్లగీత అవతల కాస్త చోటుంటుంది. ఆ చోటు నాకు ఒక్కరోజు కూడా ఖాళీగా దొరకలేదు. ఒకచోట ఎవరో మొక్కజొన్న ఆరబోస్తారు. ఇంకోచోట సిమెంటు లారీ ఆపుకుని డ్రైవరు కింద పడుకుని ఉంటాడు. మిగిలిన మేరంతా రాంగ్ రూట్లో వచ్చే మోటారు సైకిళ్ళది. వాళ్ళు ఎదురుగా వస్తూ నేనేదో తప్పు దారిలో ఉన్నట్టు తలాడిస్తారు. షేర్ ఆటోవాళ్ళు సరిగ్గా నా ముందుకొచ్చి బ్రేకేసి, "రండి మేడం," అంటారు.

"నాకు సైకిలుందయ్యా."

"పైన కట్టేద్దాం లెండి."

ప్రాణభయంతో హెల్మెట్ కొన్నాను. దాంతో నా పరువు ఇంకో మెట్టు దిగింది. ఒకరోజు గాంధీ సెంటర్లో పోలీసులు బళ్ళు ఆపుతున్నారు. హెల్మెట్‌ని బండి అద్దానికి తగిలించుకుని వచ్చిన ఒకాయన్ని కానిస్టేబులు నిలబెట్టి, అటుగా వెళ్తున్న నన్ను చూపించాడు.

"చూడండి, ఆవిడ సైకిలుకే పెట్టుకున్నారు."

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "సైకిలుకి పెట్టుకున్నారంటే ఆవిడకేదో అయ్యుంటది సార్. ఆవిడతో మనకి పోలికేంటి," అన్నాడు. కానిస్టేబులు కూడా కాసేపు ఆలోచనలో పడ్డాడు.

నవ్వుకుంటూ చెప్తున్నాను గానీ భయం నిజమే. కొన్ని సాయంత్రాలు లారీ మరీ పక్కనుంచి పోయేది. ఆ గాలికి సైకిలు దానివైపు ఒరిగేది. ఇంటికొచ్చి నేరుగా వంటింట్లోకి పోయేదాన్ని. నా మొహం మా ఆయనకి కనపడకుండా అక్కడే నిలబడి మంచినీళ్ళు తాగేదాన్ని. ఇద్దరు పిల్లల్ని హాస్టళ్ళలో పెట్టి, ఈ వయసులో నాకిదేం సరదా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. పొద్దున్నే మళ్ళీ ఎక్కేదాన్ని. అనాసాగరం దాటాక ఎండ వీపు మీద పడుతుంటే, మిరప చేలకి నీళ్ళు పెట్టిన తడివాసన వచ్చేది. స్కూటీ మీద ఇన్నేళ్ళు అదే దారిలో వెళ్ళాను, ఆ వాసన ఎప్పుడూ తగల్లేదు. రాత్రిళ్ళు పడుకోగానే నిద్రపట్టేది. ఈ లాభాలు ఎవరికన్నా చెబితే మాత్రం మొహం అదోలా పెట్టేవాళ్ళు.

అలా ఒక ఏడాది గడిచాక మా అన్నయ్య వచ్చాడు.

అన్నయ్యది జగ్గయ్యపేటలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. ఇల్లూ కొట్టూ కేకేస్తే వినపడేంత దూరం. ఆ దూరానికి కారులో వెళ్తాడు. తన కొడుక్కి నందిగామ సంబంధం ఖాయమైంది. పెళ్ళికూతురి తండ్రికి గాంధీ సెంటర్లో పెద్ద బట్టల కొట్టుంది. ఆ శుభవార్త చెప్పడానికి స్వీట్లు తెచ్చాడు. స్వీటు నా నోట్లో ఉండగానే అసలు విషయానికొచ్చాడు.

"అమ్మాయ్, కోపం తెచ్చుకోకు. నిశ్చితార్థం అయ్యేదాకా ఆ సైకిలు పక్కన పెట్టు."

"ఎందుకు?"

"వాళ్ళు పొద్దున్నే కొట్టు తీసేటప్పటికి నువ్వు సరిగ్గా వాళ్ళ ముందు నుంచే తొక్కుకుంటా పోతావు. పెళ్ళికొడుకు మేనత్త సైకిలు మీద పోతందంటే ఏమనుకుంటారు?"

"ఉద్యోగానికి పోతందనుకుంటారు."

"బావని అనుకుంటారు. ఆ తర్వాత నన్ను అనుకుంటారు. రోజూ నా కారు పంపిస్తా, అందులో పో."

"జగ్గయ్యపేట నుంచి నందిగామకొచ్చి, నన్నెక్కించుకుని, మళ్ళీ జగ్గయ్యపేట వైపే పోతదా అది?"

"పోతే ఏం? రోడ్డేమన్నా అరిగిపోద్దా?"

మా ఆయన మధ్యలో కల్పించుకుని సంధి కుదిర్చాడు. ఊరి వెనక సాగరు కాలవ గట్టుంది. దాని మీద పోతే గాంధీ సెంటర్ తగలదు. సైకిలూ ఉంటుంది, వియ్యాలవారి కంటా పడదు. అన్నయ్య ఒప్పుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆ కాలవ గట్టు మీద కూడా కాస్త తలొంచుకుని తొక్కమన్నాడు.

తలొంచుకోవాల్సిన అవసరమే రాలేదు. ఆ గట్టు మీద కుక్కలు నా పిక్కల కేసే చూస్తూ పరిగెత్తుకొచ్చేవి. గేదెలు అడ్డం నిలబడి, మా అన్నయ్య కంటే తీరిగ్గా పక్కకి తప్పుకునేవి. మా వంశ గౌరవం కోసం నేను ఒంటి నిండా బురదతో బడికి చేరుతున్నానని పెళ్ళికూతురివాళ్ళకి ఎవరు చెబుతారు?

ఈలోగా మా బళ్ళో సైకిలు పండగ ఒకటి వచ్చింది. నందిగామలోని ఒక సేవా సంఘంవాళ్ళు పిల్లలకి సైకిలు గొప్పతనం చెప్పి ర్యాలీ తీయిస్తారట. సంఘం అధ్యక్షుడు మరెవరో కాదు, మాకు కాబోయే వియ్యంకుడుగారే. ఆ సంగతి తెలియగానే నేను పెందలాడే వచ్చి సైకిలుని వంటషెడ్డు వెనక దాచేశాను. తర్వాత హెడ్మాస్టరుగారు పిలిచారు.

"మేడం, ఏమనుకోవద్దు. మీ సైకిలు బయట కనపడకుండా పెట్టించండి. బురదగా ఉంది, ఫోటోల్లో బాగుండదు."

"పెట్టేశానండీ."

"మీకు ముందుచూపెక్కువ మేడం," అన్నారు మెచ్చుకుంటూ.

అతిథులు కార్లలో దిగారు. వాళ్ళెక్కాల్సిన కొత్త సైకిలు ట్రాలీ ఆటోలో వచ్చింది. వియ్యంకుడుగారు దానిమీద కూర్చుంటే వెనక ఇద్దరు పట్టుకున్నారు. ఫోటోలు అయ్యేదాకా ఆయన పెడలు మీద కాలు పెట్టి దూరంగా చూశారు. పిల్లలు సైకిళ్ళ మీద, పెద్దలు వాళ్ళ వెనకే అద్దాలెత్తిన కార్లలో, ర్యాలీ ఊరంతా తిరిగింది. ఆ తర్వాత ఆయన పెట్రోలు వల్ల భూమి ఎలా వేడెక్కిపోతోందో చాలా బాధపడుతూ మాట్లాడారు. అంతసేపూ డ్రైవర్లు కార్లలో ఏసీ చల్లదనం పోకుండా ఇంజన్లు ఆన్‌లోనే ఉంచారు.

టీ తాగేటప్పుడు నా దగ్గరికొచ్చారు. "చెల్లెమ్మగారూ, మీ స్టాఫులో ఎవరన్నా సైకిలు మీద వస్తారాండీ?"

నేను నోరు తెరిచేలోపే హెడ్మాస్టరుగారు, "లేదండీ, అందరికీ బళ్ళున్నాయి," అన్నారు.

"అదేనండీ మన దౌర్భాగ్యం," అని ఆయన నిట్టూర్చారు. నేను కూడా నిట్టూర్చాను.

నిశ్చితార్థం శ్రావణంలో పెట్టుకున్నారు. నందిగామలో కల్యాణ మండపం, మధ్యాహ్నం తర్వాత ముహూర్తం. నేను పూట సెలవు పెట్టి, ఇంటికెళ్ళి పట్టుచీర కట్టుకోవాలన్నది లెక్క. పైన ఎక్కడో మూడు రోజులుగా వానలు. ఆ పొద్దున మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్ళొచ్చాయి. విజయవాడ వైపు ఒక్క బండీ కదల్లేదు. ఆగిన లారీల వరస నందిగామ దాటి మా బడి దాకా వచ్చేసింది. కార్లు లారీల మధ్య, ఆటోలు కార్ల మధ్య, మోటారు సైకిళ్ళు వాటి మధ్య దూరి, చివరికి నడిచేవాళ్ళకి కూడా సందు లేకుండా చేశాయి.

నేను సైకిలు నడిపించుకుంటూ కాలవ గట్టు వైపు తిరుగుతుంటే ఎవరో పేరు పెట్టి పిలిచారు. చూస్తే రోడ్డు మధ్య డివైడరు మీద, పట్టుపంచె, కండువాతో మా అన్నయ్య నిలబడి ఉన్నాడు. వదిన, పెళ్ళికొడుకు పొద్దున్నే వేరే కారులో వెళ్ళిపోయారు. ఉంగరాల పెట్టె బీరువాలో మర్చిపోతే దానికోసం వెనక్కి వెళ్ళి, ఆలస్యంగా బయల్దేరి ఇక్కడ ఇరుక్కున్నాడు.

"ఫోన్ల మీద ఫోన్లు చేస్తన్నారు. ముహూర్తం దాటిపోద్ది. ఎట్టాగే ఇప్పుడు?" అన్నాడు. మనిషి చెమటలో తడిసిపోయాడు.

"ఎక్కు," అన్నాను.

సైకిలు వంక చూశాడు. లారీల వంక చూశాడు. ఉంగరాల పెట్టె తడుముకున్నాడు. "సరే, ఇట్టా ఇవ్వు. నేను తొక్కుతా, నువ్వు వెనక కూర్చో," అన్నాడు. ఎక్కాడు. పంచె అంచు చైన్లో పడింది. అది లాగడానికి ఇద్దరం కింద కూర్చోవాల్సొచ్చింది. ఆ తర్వాత తనే క్యారేజీ మీద కూర్చుని, కండువా తలనిండా కప్పుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టాడు.

గట్టంతా బురద. అన్నయ్య బరువుకి వెనక చక్రం మూలుగుతోంది. కుక్కలు వచ్చాయి. కండువాలో ఉన్న ఆకారాన్ని చూసి అవి కూడా తేల్చుకోలేక ఆగిపోయాయి. దారిలో గడ్డిమోపుతో ఎదురొచ్చిన ఒక ముసలామె పక్కకి తప్పుకుని జాలిగా చూసింది.

"ఎవురమ్మా వెనక, మీ అత్తగారా? ఆస్పత్రికా?"

అన్నయ్య నా నడుం దగ్గర చున్నీ గట్టిగా పట్టుకున్నాడు. "అవునమ్మా," అన్నాను.

"జాగర్త. గతుకుల్లో పడెయ్యబాక."

కాస్త దూరం పోయాక వెనక నుంచి సన్నగా వినపడింది. "అమ్మాయ్, మండపం మలుపు దగ్గరే ఆపెయ్. అక్కణ్ణించి నడిచొస్తా."

మలుపు దగ్గర ఆపాను. అన్నయ్య దిగలేకపోయాడు. పంచె ఈసారి క్యారేజీ స్ప్రింగులో ఇరుక్కుంది. లాగితే చిరుగుతుంది, చిరిగితే లోపలికి పోవడానికి వీల్లేదు. మండపం గేటు దగ్గర ఆడపెళ్ళివాళ్ళంతా రోడ్డు వంకే చూస్తూ నిలబడ్డారు. ఇంక చేసేదేం లేక తొక్కుకుంటూ తిన్నగా వాళ్ళ ముందుకే పోయాను.

సన్నాయి వాయించేవాళ్ళు కూడా ఆపి చూశారు. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు వియ్యంకుడుగారు మెట్లు దిగి, రెండు చేతులూ చాపుకుంటూ వచ్చారు.

"బావగారూ, చూశారాండీ, ఇదీ ఆదర్శమంటే," అని జనం వైపు తిరిగారు. "ఇంట్లో కార్లుండి, కొడుకు నిశ్చితార్థానికి సైకిలు మీద వచ్చారు. మా సంఘం చెప్పేది ఇదే కదండీ."

ఫోన్లన్నీ పైకి లేచాయి. అన్నయ్య మెల్లగా కండువా భుజం మీదికి దించుకున్నాడు. పంచె ఇంకా స్ప్రింగులోనే ఉంది, కాబట్టి అక్కడే కూర్చుని నమస్కారం పెట్టాడు.

"మనం ఒకళ్ళకి చెప్పేది ముందు మనం చెయ్యాలి గదండీ," అన్నాడు.

నేను పంచె ఊడదీసి, ఆ బురద చుడీదార్‌తోనే మూల కుర్చీలో కూర్చున్నాను. ముహూర్తానికి ఉంగరాలు మార్చుకున్నారు. ఆ సాయంత్రానికల్లా సంఘం గ్రూపులో ఫోటో వచ్చింది. అందులో అన్నయ్య నమస్కారం పెడుతూ నిండుగా ఉన్నాడు. నావి మాత్రం మోచెయ్యి, హ్యాండిలు మీద బెల్లు వచ్చాయి. తర్వాత జగ్గయ్యపేటలో అన్నయ్య ఈ కథ చెప్పగా విన్నాను. అందులో దారంతా తొక్కింది తనే. నేను వెనక కూర్చుని ఉంగరాల పెట్టె పట్టుకున్నాను. సంఘంవాళ్ళు అన్నయ్యని పిలిచి శాలువా కూడా కప్పారు. దానికి కారులో వెళ్ళాడు.

నాకు మిగిలిందల్లా గాంధీ సెంటర్ దారిలో మళ్ళీ తొక్కుకోవచ్చని అనుమతి. అది చిన్నదేం కాదు. వియ్యంకుడుగారు కొట్టు ముందు నిలబడి, "బావగారిని అడిగానని చెప్పండమ్మా," అంటారు. నేను బెల్లు కొడతాను.

దసరా సెలవులకి ముందు సర్వీసు రోడ్డులో ఆగి ఉన్న కారు తలుపు ఒకటి ఉన్నట్టుండి తెరుచుకుంది. తప్పించుకునే వీలు లేకపోయింది. మోచేతులు, మోకాళ్ళు చెక్కుకుపోయాయి. హెల్మెట్ మీద పెద్ద గీత పడింది. కారాయన దిగి ముందు తన తలుపు చూసుకుని, తర్వాత నన్ను లేపాడు. ఆ రాత్రి మా ఆయన దూదితో గాయాలు తుడుస్తూ అడిగాడు.

"ఇంకా తొక్కుతావా?"

"తెలీదండీ."

అది నిజమే. ఆ తలుపు బదులు లారీ అయ్యుంటే అన్న ఆలోచన ఇప్పటికీ పోలేదు. సెలవుల్లో సైకిలు వంక కూడా చూడలేదు. పాత స్కూటీ కొన్నాయన్ని తిరిగి అమ్ముతాడేమో కనుక్కుందామనుకున్నాను, కనుక్కోలేదు.

బడి తెరిచే రోజు పొద్దున్నే టీ కోసం లేచి వస్తే, మా ఆయన వాకిట్లో గొంతుక్కూర్చుని కొత్త బ్రేకు వైరు బిగిస్తున్నాడు. చేతులకి గ్రీజు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"ముందు బ్రేకు లూజుగా ఉంది, చూసుకున్నావా?" అన్నాడు తలెత్తకుండా. "గాలి కూడా కొట్టా. ఎండెక్కకముందే బయల్దేరు."