కొబ్బరిచెట్టు మీద ప్రమోషన్

ఆ రోజుల్లో ఆడపిల్ల ఉద్యోగం చేస్తోందంటే మా అమలాపురం వైపు జనం మెచ్చుకునేవారే గానీ, అందులో పై పోస్టు అడిగితే మాత్రం "ఇప్పుడు చేసేది చాలదేటమ్మా?" అని జాలిపడేవారు. డెబ్భైల మొదట్లో నేను కొబ్బరి మొక్కలు పెంచే ఒక సర్కారు తోటలో గుమాస్తాని. ఫీల్డు సూపర్‌వైజరు పోస్టు ఖాళీ అయింది. సీనియారిటీ నాదే, డిపార్ట్‌మెంటు పరీక్ష ప్యాసయిందీ నేనే. వెళ్ళి మా ఆఫీసరు గారిని అడిగేశాను. ఆయన మహా మర్యాదస్తులు (కాదని చెప్పేటప్పుడు మరీను). "ఆయ్, న్యాయంగా మీకే రావాలండి. కానీ ఫీల్డు కదమ్మా, అవసరమైతే చెట్టెక్కాలి. ఆడవాళ్ళు ఎక్కలేరు కదండీ," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన గానీ, హెడ్డుగుమాస్తా గారు గానీ ఏనాడూ స్టూలెక్కి బల్బు మార్చిన పాపాన పోలేదు. ఆ మాటే అనేసి ఊరుకోవచ్చు కదా! "అయితే నేను ఎక్కుతానండి," అన్నాను. నోరా, వీపుకి దెబ్బలు తేకే అని ఊరికే అన్నారా!

తోట చివర కాలవ మీదకి ఒరిగిన చెట్టొకటుంది. వాలుగా ఉంది కదా, సులువనుకున్నాను. మర్నాడు స్టాఫంతా చూస్తూండగా చీర గోచి పోసి బిగించి, దేవుడా అనుకుంటూ పాకడం మొదలెట్టాను. రెండు నిలువుల ఎత్తు దాకా బానే ఉంది. అప్పుడు కిందకి చూశాను. కింద నేల లేదు, కాలవుంది. అంతే, చెట్టుని వాటేసుకుని బిగుసుకుపోయాను. పైకీ వెళ్ళలేను, కిందకీ రాలేను, గొంతులోంచి మాటా రాదు.

"చాలమ్మా, దిగండి," అన్నారు ఆఫీసరు గారు. నేను పలకలేదు (పలకగలిగితే కదా). "కోపం వద్దమ్మా, ఆఫీసులో మాట్లాడుకుందాం," అన్నారు. దానికీ పలకలేదు. హెడ్డుగుమాస్తా గారు ఆయన చెవి దగ్గరకి చేరి, నాకు కూడా వినిపించేటంత గట్టిగా "సత్యాగ్రహం అండీ బాబూ! హామీ ఇస్తే గానీ దిగేలా లేరు. గట్టున జనం పోగవుతున్నారు కూడాను," అన్నారు. ఆఫీసరు గారు జేబురుమాలుతో మొహం తుడుచుకుని, "సరేనమ్మా, ఇవాళే మీ పేరు పంపించేస్తాను. వీళ్ళందరూ సాక్షులు. దిగండి తల్లీ!" అని బతిమాలేరు. దిగడం చేతనైతే నేనెప్పుడో దిగేదాన్ని. చివరికి మా తోటలో కాయలు దింపే ఆయన ఎక్కి, "కళ్ళు మూసుకోండమ్మా," అంటూ నా పాదాలు ఒక్కొక్కటీ పట్టుకుని కిందకి చేర్చేడు. కాళ్ళు గజగజ వణుకుతున్నాయి. "పాపం, ఇంకా కోపం తగ్గలేదు," అన్నారెవరో.

ఆర్డరు వచ్చింది. దాంతోపాటు మొండిమనిషినన్న పేరూ వచ్చింది. ఆ పేరు తర్వాత ఆఫీసరు పోస్టు అడిగినప్పుడు కూడా పనికొచ్చింది. అది మొండితనం కాదు, భయం అని నేనెవరికీ చెప్పలేదు. సూపర్‌వైజరుగా ఉన్నన్నాళ్ళూ మళ్ళీ చెట్టెక్కే పని పడనే లేదు.

ఎనభైల చివర్లో ఒకమ్మాయి అదే పోస్టుకని నా గదిలోకి వచ్చింది. మోచేతులు రెండూ గీరుకుపోయి ఉన్నాయి. "ఏమైందమ్మా?" అన్నాను.

"చెట్టెక్కడం నేర్చుకుంటున్నానండి. ఆడవాళ్ళయితే ఎక్కి చూపించాలటగా! మీరు ఎక్కేరని అందరూ చెబుతారండి."

ఆ పిల్లని కూర్చోబెట్టి, తలుపు వేసి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ముందు నమ్మలేదు. తర్వాత "అయితే మీకు దిగడం రాకే ప్రమోషన్ వచ్చిందాండీ!" అని పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను గానీ, కాలవ మీద చెట్టుని వాటేసుకుని కళ్ళు మూసుకున్న ఆనాటి వెర్రిపిల్లని తలుచుకుంటే ముద్దూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.