కాటా అక్క ఐదో పతకం

కూరగాయల కొట్టులోగానీ ఇనుప సామాన్ల దుకాణంలోగానీ ఏ కాటా మొండికేసినా ముందు కాటా అక్కనే పిలుస్తారు. కాటాలు బాగుచేసే తండ్రి వెనకాల, తూనికరాళ్ల సంచీ భుజాన వేసుకుని, పదేళ్లప్పటి నుంచీ తిరిగింది. ఆయన కళ్లు మసకబారాక స్క్రూడ్రైవరు ఆమె చేతికొచ్చింది. ఆ భుజాన్ని చూసే కోచ్ బాక్సింగ్‌కి రమ్మన్నాడు.

“మొహం వాచిపోతే ఎవడు చూస్తాడే?” అంది మేనత్త.

“అవతలిదాని మొహం వాచకూడదా అత్తా?”

అప్పటి నుంచి నాలుగుసార్లు చాంపియన్. ఉద్యోగమిస్తామన్న పెద్దమనుషులు పక్కన నిలబడి ఫొటోలు దిగారు, ఆ తర్వాత అజాపజా లేరు. పతకాలు దుకాణంలో కాటా కొక్కేలకు వేలాడుతున్నాయి.

ముప్పై నాలుగో ఏట ఐదోసారి ఫైనల్‌కి వచ్చింది. బరువు చూసే గదిలో హద్దు అరవై కిలోలు. కాటా అరవై మీద మూడు వందల గ్రాములు చూపించింది.

“గంట టైముంది. దిగిపోతే సరే, లేకపోతే ఇంటికే” అన్నాడు బాక్సింగ్ సంఘం కార్యదర్శి.

కోచ్ పక్కకి లాగాడు. “ప్లాస్టిక్ కోటు తొడుక్కుని చెమట కారేలా నాలుగు చుట్లు పరుగెత్తు తల్లీ. ఆయనతో గొడవెందుకు? తలుచుకుంటే సంవత్సరం నిషేధిస్తాడు.”

ఫైనల్లో ఆమెకి ఎదురు దిగబోయే పిల్ల వరండాలో అప్పటికే అలాంటి కోటులోనే పరుగెడుతోంది. పెదాలు ఎండి పగిలాయి. ఆ పిల్లకీ ఇదే కాటా ఎక్కువ చూపించింది.

“నేను పొద్దున నా కాటా మీద నిలబడే వచ్చాను సార్. సరిగ్గా అరవై. తప్పు నా ఒంట్లో లేదు.”

“బాక్సింగ్‌కి వచ్చావా, రిపేరుకి వచ్చావా?” కార్యదర్శి నవ్వాడు.

“రెండూ వచ్చు.”

మార్కెట్లో పని ముగించి నేరుగా వచ్చింది కాబట్టి ఆమె పనిసంచీలో ప్రభుత్వ ముద్ర ఉన్న ఇరవై కిలోల రాయి ఉంది. తీసి కాటా మీద పెట్టింది. అంకెలు ఇరవై దాటి మరో వంద గ్రాముల దగ్గర ఆగాయి.

“ఇరవైకి వందైతే అరవైకి ఎంత సార్? చెప్పండి, వింటాం.”

కార్యదర్శి మొహం కందగడ్డయింది. వెనక నిలబడ్డ కోచ్‌లు ఒక్కొక్కరే తమ పిల్లల బరువు చీటీలు తీయడం మొదలుపెట్టారు. చివరికి మరో కాటా తెప్పించారు. ఆమె బరువు సరిగ్గా అరవై.

ఆమె వరండాలోకి వెళ్లి ఆ పిల్ల కోటు గుండీలు తనే విప్పింది. “ఇక్కడితో చాలు. నీళ్లు తాగు.”

“నువ్వు నోరు మూసుకుని ఉంటే అది సగం చచ్చి రింగులోకి వచ్చేది కదే!” కోచ్ తల పట్టుకున్నాడు.

నీళ్లు తాగిన పిల్ల మొదటి రౌండులోనే ఆమె కింది పెదవి చీల్చింది. రెండో రౌండులో ఆమె ఎడమచేతి దెబ్బలు ఆ పిల్లకి తగిలాయి. మూడో రౌండంతా ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. ఐదుగురు న్యాయనిర్ణేతల్లో ముగ్గురు ఆమె వైపు.

పతకం మెడలో వేస్తూ కార్యదర్శి పళ్లు బిగించి అన్నాడు: “ఇకనైనా కాస్త నోరు తగ్గించుకో.”

ఆమె రక్తం తుడుచుకుంది.

“బరువే తగ్గలేదు, నోరేం తగ్గిస్తాను సార్?”