చెయ్యి పట్టని బేరం

మా మామ పుంగనూరు సంతలో దళారి. తువాలు కింద చెయ్యి కలిపి, వేళ్లు నొక్కి పశువుల ధర తేల్చేవాడు. "చెయ్యి పట్టుకుంటే మనిషి అబద్ధం తెలుస్తాదప్పా" అని ఎప్పుడూ అనేవాడు.

అట్లాంటి మనిషి, మామిడితోటలకు మందు కొట్టి సంపాదిస్తానని, అత్త పాడి ఆవులు రెండూ అమ్మేసి, ముఖం కూడా ఎరగని ఢిల్లీవాడి దగ్గర ఫోన్లోనే పాత చిన్న విమానం కొన్నాడు. అది లారీలో కుప్పం వచ్చి మామ ఇంటిముందు దిగింది. మూత తెరిస్తే ఇంజనే లేదు.

సంగతి తెలిసి నేనుండే మదనపల్లె నుంచి పరిగెత్తుకెళ్లి, "వాని చెయ్యి పట్టి సూస్తివా మామా?" అని అరిచాను.

మామ తువాలును విమానం రెక్క మీద కప్పి, కింద చెయ్యి పెట్టాడు. "పాపం, ఇది అబద్ధం సెప్పలేదప్పా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అత్త ఖాళీ పలుపుతాడు తెచ్చి విమానం చక్రానికి కట్టింది. చెంబు ఆయన చేతిలో పెట్టింది.

"ఊఁ, పిండు."