సూదుల డాక్టరు చదువు

ఈ రోజు చిన్నమ్మ పోరు పడలేక, కోస్గిలో కొత్తగా వెలసిన ఆక్యుపంక్చర్ డాక్టరు దగ్గరికి ఆమెను తీసుకెళ్లాను. పక్షవాతంతో ఆమె కుడిచెయ్యి పడిపోయింది. రోజూ కసరత్తు చేయిస్తే వేళ్లు కదలవచ్చని మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానలో చెప్పారు. ఆ చెయ్యి లేస్తేనే ఆమె మళ్లీ బట్టలు కుట్టగలదు.

డాక్టరు డబ్బాలోంచి సూదులు తీస్తుంటే, ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను.

"హైదరాబాద్‌ల వారం రోజులు క్యాంపు పెట్టిన్రు సారూ. సర్టిఫికెట్ గూడ ఇచ్చిన్రు."

"అంతకు ముందు?"

"పశువుల దవాఖానల కాంపౌండర్‌ను. శాన బర్లకు సూదులేసిన. ఒక్క బర్రె గూడ మల్లొచ్చి ఇదేందని అడగలే."

చైనాలో ఈ విద్యను ఏళ్ల తరబడి చదువుతారయ్యా అని నేను వాదనకు దిగేలోపే చిన్నమ్మ చేతికి సూదులు దిగిపోయాయి. ఆమె ముఖం వెలిగిపోయింది.

"జర గూడ నొప్పి లేదు కొడుకా. ఏం హస్తవాసి!"

స్పర్శే లేని చేతికి నొప్పెలా తెలుస్తుంది? పెద్ద దవాఖానలో గుండుసూదితో పొడిచినా తెలియలేదని ఏడ్చిన మనిషి, ఇక్కడ ఆ తెలియకపోవడమే వైద్యం అనుకుని మురిసిపోయింది.

"ఇగ ఆ కసరత్తు బంద్ పెట్టు అవ్వా," అన్నాడాయన, పెద్ద దవాఖానలో చెప్పింది విని.

ఇంటికొచ్చాక వేళ్లు సాగదీయబోతే, ఎడమచేత్తో నన్ను నెట్టేసింది. "డాక్టర్ వద్దన్నడు గద. నువ్వేం చదివినవని చెప్తున్నవ్?"

నేను చదివింది ఎకనామిక్స్. ఆమెను ఒప్పించే చదువు మీలో ఎవరికైనా ఉంటే, ఆ వేళ్లు బిగుసుకుపోక ముందే రండి.