తిట్లకు నోచుకోని దొంగ

ఆ రోజుల్లో, అంటే ఐదో తరగతి చదువుతూ లోకంలో నాకు తెలియనిదేమీ లేదనుకునే రోజుల్లో, తిట్లు తినడానికి కూడా పెట్టి పుట్టాలని నాకో గట్టి నమ్మకం ఉండేది. నవ్వకండి. అమ్మ పోయిన మూడేళ్లకు నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా రెండు గదుల వాటాలోకి తెనాలి నుంచి పిన్ని వచ్చింది, ఆమెతో పాటు నాకంటే రెండేళ్లు పెద్దవాడైన ఆమె కొడుకూ వచ్చాడు. వాణ్ణి అన్నయ్య అని పిలవమన్నారు, పిలిచాను. సవతి తల్లి వాతలు పెడుతుందని బడిలో పిల్లలు చెప్పిన కథలు విని వారం రోజులు ముందే ఏడ్చి సిద్ధంగా ఉన్నాను. తీరా చూస్తే వాతలు లేవు సరికదా, కనీసం ఒక కసురు కూడా లేదు.

ఆ సంగతి పంచదార డబ్బా దగ్గర తేలింది. అన్నయ్య, నేను కలిసి దొంగతనంగా తింటూ దొరికిపోయాం. "ఒరేయ్ అప్రాచ్యుడా, నీ దుంపతెగ! చేతులు విరగ్గొడతాను!" అంటూ పిన్ని గరిటె తీసుకుని వాడి వెంట పడింది. నా వైపు తిరిగేసరికి ఆ గరిటె దానంతటదే కిందికి దిగింది. "ఆకలేసిందా తల్లీ? అడిగితే నేనే పెడతాగా" అంది మెత్తగా. (నన్ను ఒక్క మాటన్నా నలుగురి నోళ్లలో పడతావని పై వాటా ఆంటీ ఆవిడను బెదిరించి పెట్టిందట. అది నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.) అన్నయ్య ఏడుస్తూనే ఉన్నాడు, వాణ్ణి చూస్తే నాకు కుళ్లు పుట్టింది. తిట్లు ఇంట్లోవాళ్లకు, మర్యాదలు చుట్టాలకు. అంటే నేను చుట్టాన్నన్నమాట.

అప్పటి నుంచి నా దొంగతనాలు మొదలయ్యాయి. పిన్నీసులు తీశాను, పిన్ని జడ క్లిప్పులు తీశాను, టీవీ రిమోట్ బియ్యం డబ్బాలో పాతిపెట్టాను. పిన్నికి తెలుసు, తెలిసీ "పోనీలే" అనేది. చివరికి కుక్కర్ విజిల్ తీశాను. అది వేలెడంత వస్తువే గానీ, అది లేకపోతే పప్పు ఉడకదు, పప్పు ఉడక్కపోతే బస్సు నడిపే నాన్న డ్యూటీకి అన్నం డబ్బా కదలదు. పిన్ని బస్టాండు దగ్గర ఫుట్‌పాత్ మీద ఇంకొకటి కొనుక్కొచ్చింది. అదీ తీశాను. మూడోది కూడా తీసి జామెట్రీ బాక్సులో దాచాక, మాతోనే ఉండే నానమ్మ నా బ్యాగు పక్కకు జరపబోతే లోపల గలగలమంది.

"ఓ కొడుకా, నీ బిడ్డ దొంగైందిరో!" అని నానమ్మ పెట్టిన కేకకు పై వాటా ఆంటీ కూడా దిగి వచ్చింది. పంచాయితీ కూర్చుంది. "జర వాత పెడ్తె సక్కగైతది" అంది నానమ్మ. "దిష్టి తీపియ్యుండ్రి" అంది ఆంటీ. అన్నయ్యకు మాత్రం న్యాయం కావాలి. "అమ్మా, నేను చారెడు పంచదార తింటే గరిటె తిరగేశావు, ఇది మూడు విజిళ్లు మింగితే పోనీలేనా?" నేను పిన్ని మొహమే చూస్తూ నిలబడ్డాను. ఒక్క 'దొంగమొహమా' చాలు, బతికిపోతాను. పిన్ని నేల చూపులు చూస్తూ, "చిన్నపిల్ల కదండీ" అంది. అప్పుడు నాన్న లేచాడు. "గిట్లయితే ఎట్ల? ఎల్బీనగర్‌ల హాస్టలున్నది. ఆడ ఏస్తే అన్నీ బంద్ అయితయ్." ఇంట్లో మనిషినవుదామని దొంగనైతే, ఇంట్లోంచే పంపేస్తున్నారు.

ఆదివారం పొద్దున్నే నాన్న స్కూటర్ మీద ముగ్గురం వెళ్లాం. వార్డెన్ మేడం ఫారం నింపుతూ, "పిల్ల నెమ్మదేనా?" అని అడిగింది. "శాన నెమ్మది మేడం" అన్నాడు నాన్న, తడుముకోకుండా. (అబద్ధమాడటంలో మా వంశంలో నేనే మొదటిదాన్ని కాదు.) దొంగపిల్లను ఏ హాస్టలూ చేర్చుకోదని నా లెక్క. నా దొంగతనం ఇక్కడ బయటపడితేనే నాకు ఇల్లు దక్కుతుంది. బల్ల మీద నొక్కితే టింగుమనే బెల్లుంది. అందరూ ఫారం మీదికి వంగినప్పుడు దాన్ని ఎత్తేశాను. గౌనుకు జేబు లేదు. పక్కనే ఉన్న పిన్ని సంచిలో పడేశాను.

వార్డెన్ ఆయాను పిలుద్దామని చూడకుండానే చెయ్యి వేసింది. ఉత్త బల్ల మీద థప్పుమంది. కాగితాలు ఎత్తి చూసింది, బల్ల కింద చూసింది. ఏమైందోనని పిన్ని లేచింది. సంచి కుర్చీకి తగిలి, నిక్షేపంగా టింగుమంది.

"ఏందమ్మా ఇది? మంచోళ్ల లెక్క కనబడ్తున్నరు!" అంది వార్డెన్. సంచిలోంచి బెల్లు తీసిన పిన్ని దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసింది. నాన్న నోరు తెరిచి పిన్నినే చూస్తున్నాడు. ఇది నా లెక్కలో లేదు. "పిన్ని కాదు! నేనే తీసిన!" అని అరిచేశాను.

"ఒసేయ్ దొంగమొహమా!" అంది పిన్ని. కిటికీ రెక్కలు అదిరాయి. "నీ దుంపతెగ! ఇంట్లో విజిళ్లెత్తుకుపోతే నా ఖర్మనుకుని ఊరుకున్నానే, ఊళ్లోవాళ్ల సొమ్ము మీద చెయ్యేస్తావా? మన ఇంటి పరువేం కానూ? ఇలాగేనా నేను నిన్ను పెంచింది?" (పెంచింది అప్పటికి పది నెలలు.) వీపు మీద ఒక్కటి పడింది. ఫారంలో మా ఇంటి వివరాలన్నీ రాసుకున్న వార్డెన్ మధ్యలోకొచ్చి, "సవతి తల్లివి గదమ్మా, జర మెల్లగ. ఎవ్వరన్నా ఇంటె బాగుండదు" అంది. పిన్ని గిర్రున తిరిగింది. "అయితే ఏంటండీ? నా పిల్ల. తిడతాను, నాలుగు తంతాను. మీకేం నొప్పి?" అని, బల్ల మీది ఫారం లాక్కుని ఉండ చుట్టేసింది. "దీన్నిక్కడ వదిలితే నెల తిరక్కుండా మీ హాస్టలంతా మా ఇంటికి మోసుకొస్తుంది. పదవే!"

కొత్తపేట దాటినా తిట్లు ఆగలేదు. చైతన్యపురి సిగ్నల్ దగ్గర పక్క ఆటో అతను నన్ను జాలిగా చూశాడు. నేను ఆనందం పట్టలేక అతనికి చెయ్యి ఊపాను.

ఇప్పుడు నేను సరూర్‌నగర్‌లో ఒక బడిలో టీచర్ని. మొన్న ఒకాయన వచ్చాడు. తన భార్యకు మొదటి పెళ్లిలో పుట్టిన పిల్లవాడు ఇంట్లో ఆయన కళ్లజోళ్లు, వాచీలు మాయం చేస్తున్నాడట. "తిట్టారా?" అని అడిగాను. "అయ్యో, ఎట్ల తిడ్త మేడం? సవతి తండ్రి అంటరు గద" అన్నాడు. తీసినవన్నీ వాడి చేతే తిరిగి ఇప్పించమన్నాను. చెయ్యి చేసుకోవద్దు గానీ, సొంత కొడుకునైతే ఎలా కేకలేస్తారో అలా వేయమన్నాను. తను మీ ఇంటివాడేనని ఆ కేకల్లోనే వాడికి తెలియాలని కూడా చెప్పాను. ఈ టీచరుకు మతి చలించిందన్నట్టు చూసి వెళ్లిపోయాడు పాపం.

పిన్ని బడంగ్‌పేట్‌లో అన్నయ్య దగ్గరుంటోంది. బీపీ ఉంది, గట్టిగా మాట్లాడొద్దని డాక్టర్ చెప్పాడు. నేను ఫోన్ చేస్తే "తిన్నావా తల్లీ" అంటుంది, ఎంతో మెత్తగా. ఇంత వయసొచ్చి కూడా, ఇంకో మాటేమైనా అంటుందేమోనని ఫోన్ పెట్టకుండా కాసేపు ఆగుతాను.