బండల మధ్య వేలు పట్టే సందు

పొద్దున తలుపు తీయగానే తడి సిమెంటు వాసన ముక్కుకు తగిలింది. సుబేదారిలోని మా గల్లీకి ఎగువ నుంచి రోడ్డు వేసుకుంటూ వస్తున్నారు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, చీమ దూరే సందు లేకుండా. మా గేటుకు ఇంకా అరవై అడుగులే మిగిలింది. గల్లీ మొత్తానికి పల్లం మా ఇల్లే. కిందటి వానాకాలం మూడుసార్లు నీళ్లు గడప దాటాయి. మూడోసారి ఎంత ఎత్తుకు వచ్చాయో తలుపు చెక్క మీద పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసుకున్నాను. ఆ గీత పక్కన నిలబడితే వర్ధన్నపేటలో మా ఇంటి వాకిలి గుర్తొచ్చింది.

ఆ వాకిలిని దగ్గరుండి వేయించింది మా బాపమ్మ, నాన్న తల్లి. అడుగున కంకర, దాని మీద దొడ్డు ఇసుక, ఆపైన బండలు, బండకూ బండకూ మధ్య వేలు పట్టేంత సందు. ఏటా మృగశిర కార్తెకు ముందు ఆమె గడప మీద కూర్చుని, వక్కలు నములుతూ, ఒక్కో సందులో చెంబెడు నీళ్లు పోయించి, అవి ఇంకేదాకా పిల్లలమైన మా చేత అంకెలు లెక్కపెట్టించేది. ఇరవై దాటితే ఆ సందులో మట్టి చేరినట్టు. పాత ఇసుక తోడి కొత్తది నింపాలి. మాకదే ఆట. వేయించిన మక్కగింజలు బుగ్గన పెట్టుకుని, ఎవరి సందు ఆలస్యంగా తాగితే వాళ్లు ఇసుక గంప మోయాలని పందెం వేసుకునేవాళ్లం.

నాకు పదేళ్లప్పుడు క్రిస్మస్ ప్రార్థన మా వాకిట్లో పెట్టుకున్నాం. లోపల గరిజెలు, గులాబి పువ్వులు నూనెలో వేగుతుంటే, బయట అద్దెకు తెచ్చిన ఇనుప కుర్చీల కాళ్లు సందుల్లో దిగబడి ఊగుతున్నాయి. నా దోస్తులు నవ్వుతారని ఏడ్చి, నాన్న చేత సందులన్నీ సిమెంటుతో పూడిపించాను. నర్సంపేటలో మా మేనత్త ఇంటికి వెళ్లిన బాపమ్మ మర్నాడు వచ్చి చూసింది.

"మంచిగున్నది బిడ్డా. ఇగ వాన ఎటు పోవాల్నో గది గూడ నువ్వే చెప్పు."

జూన్ మొదటి వానకే నీళ్లు లోపలి గదిలోకి వచ్చి, విత్తనాల వడ్లను అడుగు నుంచి నానబెట్టాయి. నాలుగు బస్తాలు మొలకెత్తాయి. నాన్న తిట్టలేదు, ఉలి, సుత్తె చేతికిచ్చాడు. బడి వదలగానే రోజుకు రెండు సందులు. ముప్పై ఎనిమిది సందులకు పందొమ్మిది రోజులు పట్టింది.

అందుకే ఈ ఉదయం మేస్త్రీని ఆపాను. గోడల వెంట అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వదలమన్నాను. అక్కడ మూడడుగుల లోతు తవ్వి, కంకర నింపి, పైన సందుల బండలు పరుద్దామన్నాను. ఎదురుగా కిరాణా దుకాణం నడిపే రాజేశం ఒప్పుకోలేదు.

"టీచరమ్మా, గడ్డి మొలుస్తది, బురద నా దుకాణంలకొస్తది. ఈ వయసుల మీకెందుకీ ఫికర్?"

"పోయినేడు నీ చక్కెర బస్తా గడ్డికి కరిగిందా రాజేశం?"

నవ్వాడు గాని తగ్గలేదు. రెండు బిందెలు తెప్పించాను. ఒకటి అతని దుకాణం ముందున్న పాత సిమెంటు మీద పోయిస్తే, నీళ్లు అతని చెప్పులు తడిపి తిన్నగా లోపలికి పోయాయి. రెండోది మా గేటు లోపల, ఈ ఎండాకాలమే నేను పరిపించుకున్న సందుల బండల మీద పోయించి, అతణ్ణే లెక్కపెట్టమన్నాను.

"ఇరవై ఆరు," అన్నాడు. చెంబుకు ఇరవై అయితే, బిందెడు నీళ్లకు అది తక్కువే. వంగి తడి సందులో వేలు పెట్టి చూశాడు. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, "జర ఆగుండ్రి. అమ్మ చెప్పినట్టు గీత కొట్టుండ్రి," అన్నాడు.

ఎగువ రోడ్డు నీళ్లన్నీ ఈ అరవై అడుగులే తాగలేవని నాకు తెలుసు. వాళ్ల వాకిళ్లలోనూ ఇలాంటి సందులు పెట్టించమని అక్కడి పదకొండు ఇళ్ల తలుపులూ తట్టాలి; తడతాను. వర్ధన్నపేట ఇల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గేటు దాకా నున్నటి టైల్స్. నీళ్లకు అంకెలు లెక్కపెట్టే పిల్లలూ లేరు. బాపమ్మ ప్రశ్నకు మాత్రం అరవై ఒక్క ఏళ్ల తర్వాత జవాబు దొరికింది: వాన ఇటు పోవాలి, గోడ పక్కన, రెండడుగుల వెడల్పున. రేపు పొద్దున ఆరింటికి తవ్వకం మొదలు. టేపు నా చేతిలోనే ఉంటుంది.